నష్టపోయినవారి జాబితా ఎవరు రాశారు?



సంక్షేమ అర్థశాస్త్రంలో మనం మొదట చదివేది పరేటో సూత్రం. ఎవరికీ నష్టం లేకుండా కొందరికైనా మేలు జరిగితే అది మెరుగుదల. ఈ కొలతతో భూసంస్కరణ ఎన్నటికీ నెగ్గదు. ఒక్క భూస్వామి నష్టపోయినా చాలు.

అందుకే 1939లో కాల్డర్, హిక్స్ మరో పరీక్ష చెప్పారు. లాభపడినవారు నష్టపోయినవారికి పరిహారం ఇచ్చాక కూడా లాభంలోనే ఉండగలిగితే ఆ విధానం మంచిదే. ఇవ్వగలిగితే చాలు, నిజంగా ఇవ్వనక్కర్లేదు!

2015 నాటి అమరావతి భూసమీకరణనే తీసుకోండి. పట్టా రైతుకు ప్లాట్లతోపాటు ఎకరానికి ఏటా మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేల రూపాయల కౌలు. భూమిలేని కూలీ కుటుంబానికి నెలకు 2,500 పింఛను. పోయిన భూమికి కాగితం ఉంది. పోయిన కూలి పనికి కాగితం లేదు.

రాజకీయాల్లో సమానత్వం, ఆర్థిక జీవితంలో అసమానత అనే వైరుధ్యం గురించి 1949 నవంబర్ 25న అంబేడ్కర్ హెచ్చరించారు. లాభనష్టాలను రూపాయల్లో కూడినప్పుడు ఆ వైరుధ్యమే లెక్కలోకి చేరుతుంది: ఆస్తి ఉన్నవారి నష్టం పెద్దదిగా, లేనివారిది చిన్నదిగా కనిపిస్తుంది.

అందుకే పరిశోధకుడిగా ఏ విధాన నివేదిక తెరిచినా, మొత్తం లాభం ఎంతో చూడకముందే నేను ఒకటి వెతుకుతాను: నష్టపోయినవారి జాబితాలో కూలీ ఉన్నాడా?