వానలకు ముందే సబ్‌సెంటర్‌కు వెళ్దాం

 

పండగ వేదిక కదా, ధింసా గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము మాత్రం జ్వరం గురించి మాట్లాడతాం. ఏమీ అనుకోకండి.

కొన్నేళ్ల కిందట వానాకాలంలో మా గూడెంలో ఇంటికి ఇద్దరు ముగ్గురు చలిజ్వరంతో పడిపోయారు. ఆశా అక్క దగ్గర మలేరియా పరీక్ష కిట్లు అయిపోయాయి. సబ్‌సెంటర్‌లోనూ లేవు. రక్తం పూతలు తీసి కిందికి పంపితే, ఫలితం రాకముందే వాగు పొంగింది. ఒక అమ్మాయిని రాత్రికి రాత్రే డోలీలో మోసుకెళ్లాం. బతికింది. మోసినవాళ్లలో కొందరు ఇక్కడే కూర్చున్నారు.

ఆ రోజు మనకు లేనిది పెద్దాసుపత్రి కాదు. వేలి కొన నుంచి ఒక్క చుక్క రక్తం తీస్తే 15, 20 నిమిషాల్లో చెప్పేసే చిన్న కిట్టు. ఫాల్సిపారం రకం మలేరియాను ముదరనిస్తే మెదడుకు ఎక్కుతుంది. తొలి రోజే తెలిస్తే 3 రోజుల మాత్రలతో పోతుంది. వైవాక్స్ రకానికి మందులు 14 రోజులు వాడాలి. జ్వరం తగ్గగానే మిగిలిన మాత్రలు చూరులో దోపేస్తాం చూడండి, అది మాత్రం మన తప్పే.

కొండ ప్రాంతాల్లో 3 వేల మందికి ఒక సబ్‌సెంటర్ ఉండాలన్నది నిబంధన. ఉన్నదాన్ని వానలకు ముందే నిలబెట్టుకోవాలి. మే నెలలోనే వెళ్లి అడగండి. కిట్లు ఎన్ని ఉన్నాయి? గడువు ఎప్పటిదాకా? ఫాల్సిపారం మాత్రలు వయసును బట్టి రంగురంగుల పట్టీల్లో వస్తాయి, పిల్లల పట్టీలు ఉన్నాయా? లేకపోతే కాగితం మీద రాసి వైద్యాధికారికి ఇవ్వండి, నకలు దాచుకోండి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి ఏటా 10 వేల రూపాయల వరకు వస్తుంది. దాని లెక్క అడగడానికి సిగ్గుపడకండి.

గోడలకు మందు కొట్టేవాళ్లను గుమ్మంలోనే ఆపేస్తున్నాం. కొట్టాక పండగొచ్చిందని మట్టితో అలికేస్తున్నాం. అలికితే మందు మట్టి కిందకు పోతుంది, రెండు మూడు నెలలు ఆగాలి. ఈ మాట మీ అమ్మమ్మకు కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో మీరే చెప్పాలి, బయటినుంచి వచ్చినవాళ్లు చెబితే వినదు. దిసారి దగ్గరికి వెళ్లేవాళ్లను తిట్టకండి. ఆయన దగ్గరికి ఆశా అక్కను తీసుకెళ్లండి, జ్వరంతో వచ్చినవాళ్లకు ముందు పరీక్ష చేయించమని అడగండి. పెద్దాయన కాదనరు.

వచ్చే సంత రోజున పొద్దున్నే సబ్‌సెంటర్ దగ్గర కలుద్దాం. నోటుబుక్కు, పెన్ను తెచ్చుకోండి.