అటకమీది వానలెక్క

మా పెదనాన్నగారు వ్యవసాయశాఖలో ఉద్యోగము చేసి, విరమించిన తరువాత కళ్యాణదుర్గం సమీపమున మా పల్లెలోనే ఉండిపోయినారు. ఆయన పోయిన మూడవ ఏట ఇంటికి సున్నము వేయింపదలచి మా అన్నయ్య అటక ఖాళీ చేయించినాడు. ఇత్తడి బిందెలు, విరిగిన గొర్రు ముక్క, వాటి నడుమ ఒక బిస్కట్ల రేకు డబ్బా బయటపడినవి. డబ్బాలో నల్లని చదరపు ప్లాస్టిక్ బిళ్ళలు పదకొండు ఉన్నవి. కాఫీగ్లాసుల క్రింద పెట్టుకొనుటకు బాగుండునని పిల్లలు రెండు మూడు తీసుకొని పోయినారట. అన్నయ్య వాటిని తిరిగి లాగుకొని, డబ్బాతో సహా అనంతపురం వచ్చి నా బల్లమీద పెట్టినాడు.

"దీంట్లో నాయన వానలెక్క ఉందిరా. కాగితాల పుస్తకం చెదలు తినేసింది. నువ్వు రేడియోలో ఉన్నావు, యంత్రాల సంగతి తెలిసినోడివి, రవ్వంత చూడు" అన్నాడు.

రేడియోలో ఉద్యోగము చేయువానికి యంత్రములన్నియు తెలియుననుకొనుట మా బంధువులలో పాత నమ్మకము. నేను చదివినది సాహిత్యము. అయినను డబ్బాను కాదనలేకపోయినాను.

వానలెక్క అన్నమాట కొందరు శ్రోతలకు కొత్తగా ఉండవచ్చును. వర్షమాపకములో చేరిన నీటిని ప్రతిదినము ఉదయము 8 గంటల 30 నిమిషములకు కొలిచి వ్రాసికొనుట మన దేశమున ఉన్న నియమము. 2.5 మిల్లీమీటర్లకు తక్కువైనచో ఆ దినమును వర్షదినముగా ఎంచరు. పెదనాన్నగారు ఉద్యోగములో ఉన్నప్పుడు విధిగాను, తరువాత అలవాటుగాను పెరటిలో వర్షమాపకము పెట్టి 1986 మొదలు పన్నెండేండ్లు ఈ లెక్క వ్రాసినారు. కార్యాలయములో అప్పుడే వచ్చిన కంప్యూటరు మీద సాయంకాలములందు దానిని ఎక్కించి ఫ్లాపీలలో దాచినారు. ఆ కంప్యూటరు ఎప్పుడో తుక్కులోనికి పోయినది.

ఇతర సీమలలో పన్నెండేండ్ల వానలెక్క పోయినదన్న ఎవరును పెద్దగా విచారింపకపోవచ్చును. ఇక్కడి సంగతి వేరు. పడమటి కనుమల చాటున ఉన్న ఈ మెట్టసీమకు ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే ప్రాప్తము. ఆ కొద్ది వానయు ఎప్పుడు పడినదన్న ప్రశ్న మీదనే వేరుశనగ పంట ఆధారపడి ఉండును. మృగశిరలో దున్ని, ఆరుద్ర మొదలు ఆశ్లేష వరకు, పదును దొరికిన నాడు రైతు విత్తును. దొరికిన మొదటి పదునునే పట్టవలెనా, మరియొక పదునుకు కాచుకొనవలెనా అన్నది ఇంటింట ఏటేట జరుగు చర్చ. తొందరపడి ఆరుద్రలో వేసిన పైరు ఊడలు దిగువేళకు వాన ముఖము చాటువేయుటయు, కాచుకొని కూర్చున్నవానికి అసలు పదునే దొరకకపోవుటయు మనము చూచినవే.

ఈ చర్చలో కంప్యూటరు కూడ ఒకప్పుడు పాలుపంచుకొన్నది. వేరుశనగ మొక్క పెరుగుదలను దినదినము లెక్కకట్టు 'పీనట్‌గ్రో' అను కార్యక్రమమును అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయమువారు 1980లలో తయారుచేసినారు. ఎండ ఎంత కాసినది, వేడి ఎంత, వాన ఎంత, నేలలో తేమ ఎంత నిలిచినది అను సంగతులు చెప్పినచో, ఏ దినమున ఎన్ని ఆకులు, ఎంత కాయ అని అది లెక్క చెప్పును. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు దానిని మన నేలలకు సరిచూచినారు. తరువాత సులోచనా గాడ్గిల్, పి.ఆర్. శేషగిరిరావు, ఎస్. శ్రీధర్ అను పరిశోధకులు అనంతపురం వానల చరిత్రను ఆ కార్యక్రమమునకు అందించి, విత్తు తేదీని మార్చి మార్చి చూచి, ఫలితములను 1999లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ప్రకటించినారు. జూలై నెల సగము గడచిన పిదప విత్తిన పైరుకు, ముందు వేసిన పైరుకన్న దెబ్బతిను భయము తక్కువ అని వారు తేల్చినారు. ఈ జిల్లాలో వాన ఎక్కువగా పడునది సెప్టెంబరులో కనుక, కాయ ఊరు కాలము ఆ వానకు దగ్గర పడవలెను గదా!

అయితే అది అనంతపురము పట్టణపు వాన. మా అన్నయ్యకు కావలసినది మా పల్లె వాన. రెంటికిని నడుమ ఎంత భేదముండునో ఈ సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. గట్టుకు ఇవతల తడిసిన గొర్రె, అవతలికి పోగానే ఆరిపోవు దేశము మనది.

ఇక ఆ బిళ్ళల సంగతికి వత్తును. మూడున్నర అంగుళముల ఫ్లాపీ అనునది గట్టి చిప్పలో అయస్కాంతపు పూత పూసిన పలుచని చక్రము. ఒక్కొక్క వైపున 80 వలయములు, ఒక్కొక్క వలయములో 18 సెక్టార్లు, ఒక్కొక్క సెక్టారులో 512 అక్షరముల చోటు. రెండు వైపులను కలిపిన 14,74,560 అక్షరములు. మన చేతిఫోను తీయు ఒక్క ఛాయాచిత్రము కూడ సాధారణముగా అందులో పట్టదు. కాని పన్నెండేండ్ల వాన పట్టినది. సోనీ సంస్థ 2011లో ఈ ఫ్లాపీల తయారీ మానివేసినది. జపాను ప్రభుత్వము తన నిబంధనలలోనుండి ఫ్లాపీ వాడుకను తొలగించినది 2024లో మాత్రమే. కనుక మన అటకలను చూచి మనము సిగ్గుపడవలసిన పని లేదు.

ఇట్టి ఫ్లాపీలు మీ ఇండ్లలో ఉన్నచో మొదట చేయవలసిన పని ఒకటి కలదు. బిళ్ళ మూలనున్న చిన్న మీటను జరిపి, రంధ్రము తెరచుకొనునట్లు చేయవలెను. అప్పుడు యంత్రము దానిని చదువగలదే గాని దానిమీద వ్రాయలేదు. అయిదుంపావు అంగుళముల పాత మెత్తని ఫ్లాపీలకు దీనికి విరుద్ధము. వాటి అంచుననున్న గంటును కాగితపు పట్టీతో మూసివేయవలెను. ఈ జాగ్రత్త ఎందుకనగా, పాడైన ఫ్లాపీని పెట్టగానే నేటి కంప్యూటరు, "ఈ డిస్కు సిద్ధము చేయబడలేదు, ఫార్మాట్ చేయుదునా?" అని ఎంతో మర్యాదగా అడుగును. ఔనన్నచో ఉన్నదంతయు తుడిచిపెట్టుకొని పోవును. పెండ్లివారింట పాత్రలు తోమువాడు, అడుగున నెయ్యి ఉన్నదా అని చూడకనే బూడిద చల్లినట్లు!

యు.ఎస్.బి. తీగతో తగిలించు ఫ్లాపీ డ్రైవులు ఇంకను దొరకుచున్నవి. అవి మూడున్నర అంగుళముల వాటిని మాత్రమే చదువును. పెద్దవాటికి పాత డ్రైవే సంపాదించి, 'గ్రీజ్‌వీజిల్' వంటి చిన్న పలక ద్వారా తగిలింపవలెను. మాకు ఆ బెడద లేకపోయినది. ఫైళ్ళను ఒక్కొక్కటే తెరచి చూచుట మాత్రము తగదు. చదువునపుడు తల చక్రమును ఒరసికొనుచుండును. ధూళి ఉన్నచో ఆ ఒరపిడికే పూత లేచిపోవును. అందువలన ముందుగా మొత్తము ఫ్లాపీని మొదటి సెక్టారు నుండి చివరి సెక్టారు వరకు ఒకే ప్రతిబింబముగా ఎత్తుకొని, తరువాత ఆ ప్రతిమీదనే పని చేయవలెను. 'డీడీరెస్క్యూ' అను ఉచిత కార్యక్రమము ఈ పనికి మిక్కిలి నేర్పరి. మంచి భాగములను మొదట ఎత్తుకొని, మొరాయించిన చోట్లను చివరకు మిగిల్చి, ఓపికతో మరల మరల వాటి చుట్టు తిరుగును.

పదకొండింటిలో ఏడు మారుమాట లేకుండ వచ్చినవి. రెండు కొంతకొంత వచ్చినవి. రెండు రాలేదు. మా సీమ పొడిగాలికి బూజు పట్టకపోవుట వలననే ఇన్ని దక్కినవని నా ఊహ. సముద్రతీరమున ఉన్న మిత్రుల ఫ్లాపీలు తెల్లని బూజు పట్టి ఉండగా చూచినాను. కరవు చేసిన మేలు ఇది ఒక్కటే కాబోలు.

వాన అంతయు డీబేస్ అను పాత కార్యక్రమపు ఫైళ్ళలో, ఏటికి ఒకటి చొప్పున ఉన్నది. ఆ ఫైళ్ళను నేటి లిబ్రె ఆఫీసు నేరుగా తెరువగలదు. తేదీ ఉన్నది, మిల్లీమీటర్లు ఉన్నవి. చివరి గడిలో మాత్రము పిచ్చిగీతలు. ఆ గడి పేరు 'వివరము'.

అది పెదనాన్నగారి తెలుగు. ఆ రోజులలో జిస్ట్ కార్డు అను పలకను కంప్యూటరులో గ్రుచ్చి, డాస్ కార్యక్రమములలోనే భారతీయ భాషలను వ్రాయుచుండిరి. కాన్పూరు ఐ.ఐ.టి.లో పుట్టి, పూనాలోని సీడాక్ సంస్థలో పెరిగిన ఉపాయమది. అందు వాడిన అక్షరసంకేతములకు ఇస్కీ అని పేరు. 1991లో ఐ.ఎస్. 13194 అను సంఖ్యతో అది జాతీయ ప్రమాణమైనది. అందులోని వింత ఏమనగా, 'క' అను ధ్వనికి ఏ భాషలోనైనను ఒకే సంకేతము. తెలుగు అని చెప్పిన తెలుగులిపిలో, కన్నడమని చెప్పిన కన్నడలిపిలో అదే ఫైలు కనబడును. సరిహద్దు జిల్లావారమైన మనకు ఇది ముచ్చటగా తోచును. నేటి యూనికోడ్ పద్ధతి వేరు. అయినను పాతదానిని కొత్తదానిలోనికి మార్చు మార్గము విండోస్‌లోనే ఉన్నది. తెలుగు ఇస్కీకి అందులో 57005 అను సంఖ్య ఇచ్చినారు. కళాశాలలో చదువు మా మేనల్లుడు నాలుగు పంక్తుల కార్యక్రమము వ్రాసి ఆ సంఖ్యను పేర్కొనినాడు. పిచ్చిగీతలు అక్షరములైనవి.

"పడమటి మబ్బు. చినుకు లేదు." "ఆరుద్ర పోయింది. పదును కాలేదు." "రాత్రి వాన. తెల్లవారే లోపల గొర్రు కట్టినాము." యాభై అక్షరముల గడిలో ఇమిడిన మాటలు. అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకొని, "ఇది నేను పుట్టి పెరిగిన పదేండ్లురా" అన్నాడు. అన్నయ్య పుట్టినది 1986కు చాల ముందు. నేను దిద్దలేదు.

పీనట్‌గ్రో కూడ ఒక ఫ్లాపీలో దొరికినది. ఏదో శిక్షణతరగతిలో ఇచ్చినదై యుండును. నేటి 64 బిట్ల విండోస్ ఈ పాత 16 బిట్ల డాస్ కార్యక్రమములను నడుపనే నడుపదు. అందులకు 'డాస్‌బాక్స్' కావలెను. అది ఉచితముగా లభించును. కంప్యూటరులోపల పాత కంప్యూటరును నటించి చూపు నటుడు అది. మనము సంచి వంటి ఒక ఫోల్డరును చూపి, ఇదే నీ సి డ్రైవు అని చెప్పినచో నమ్మును. ఈ కార్యక్రమమునకు వారసుడైన డీశాట్‌ను నేడు మూలముతో సహా ఉచితముగా పొందవచ్చును. కాని పెదనాన్నగారు నేలకు, టి.ఎమ్.వి. 2 వంగడమునకు తయారుచేసికొన్న ఫైళ్ళు పాత రూపములో ఉన్నవి. ఆయన అడిగినట్లే అడిగి చూడవలెనని మా కోరిక.

నెలవారీ మొత్తములు వేయు మరియొక చిన్న కార్యక్రమము మాత్రము తెరచిన వెంటనే "లోపము 200" అని పలికి పడిపోయినది. విచారింపగా, అది పాస్కల్ భాషలో వ్రాసినది. మొదలుపెట్టగానే యంత్రపు వేగమును కొలుచుకొనును. నేటి యంత్రపు వేగము దాని కొలపాత్రలో పట్టక పొరలిపోవుచున్నది. కంట్రోల్, ఎఫ్ 11 మీటలను కలిపి నొక్కుచు డాస్‌బాక్స్ వేగమును తగ్గించినచో చక్కగా నడచినది. ముసలివారితో నడుచునపుడు మనము అడుగు తగ్గించుకొనమా!

వేడిమి, ఎండల లెక్కలు పట్టణపువి, వాన మా పల్లెది తీసికొని, ఒక్కొక్క ఏడాదికి విత్తు తేదీ మార్చి నడిపించినాము. చాల ఏండ్లలో పుష్యమి విత్తనమే మేలనిపించినది. కొన్ని ఏండ్లలో ఏ కార్తెలో వేసినను ఒకటే, కట్టెలే. వీటిని చూచి ఎవరును తమ పొలము నిర్ణయించుకొనవలదు. పన్నెండేండ్లు చాలవు, ఒక పెరడు చాలదు.

1992 దగ్గర మాత్రము బండి ఆగిపోయినది. ఆ ఫ్లాపీలో ఒక సెక్టారు రాలేదు. ఒక్కొక్క దినపు లెక్క 64 అక్షరములు. 512ను 64చే భాగింపుడు, ఎనిమిది. సెక్టారు మొదలు దినపు మొదలుతో కలియదు గనుక తొమ్మిది దినములు చెడినవి. అవి జూలై చివరి దినములు. ఆ వెలితి తరువాతి దినము గడిలో పెదనాన్నగారు, "రెండవ పదును. విత్తనం ముగిసింది" అని వ్రాసినారు. అనగా మొదటి పదును పోయిన దినములలోనే ఉన్నది. ఎంత పడినదో తెలియదు.

ప్రక్క మండలపు అంకెలు తెచ్చి అందులో వేయవచ్చునని మేనల్లుడన్నాడు. "ఆ ఊరి వాన మా చేన్లో ఎట్ల పోస్తావురా?" అని అన్నయ్య ఒప్పుకొనలేదు. మా పెద్దమ్మను అడిగినాము. ఆమె చాలసేపు ఆలోచించి, ఆ ఏడు వాకిట్లో పందిరి కూలిన సంగతి చెప్పినది. తేదీ చెప్పలేకపోయినది. గడులను ఖాళీగానే ఉంచినాము.

ఒక డ్రైవు చదువలేని సెక్టారును మరియొక డ్రైవు చదువుట కలదు. వాటి తలల అమరికలో వెంట్రుకవాసి భేదముండుటయే అందులకు కారణము. తిరుపతిలో ఒక మిత్రునివద్ద పాత కంప్యూటరునుండి ఊడదీసిన డ్రైవు ఉన్నదట. వచ్చు నెలలో తెచ్చెదనన్నాడు. అంతవరకు 1992 ఫ్లాపీని ఆ బిస్కట్ల డబ్బాలోనే, చీటీ అంటించి, నా బీరువాలో ఉంచినాను.