ఆగిన సూర్యుడు, అందని సహాయము



మధ్యయుగపు ఫ్రెంచి వీరగాథలలో దేవుని అద్భుతములూ ఉన్నాయి, యక్షుల మాయలూ ఉన్నాయి. మొదటివి భక్తి, రెండవవి కట్టుకథలు అని మనము వెంటనే అనుకొంటాము. రెండు గాథలను చూచి, ఆ తరువాత తీర్పు చెప్పుదము.

మొదటిది రోలాండు గీతము. ఇది 1100 ప్రాంతమున వెలసిన సుమారు 4,000 పాదముల కావ్యము. చక్రవర్తి షార్లమేన్ మేనల్లుడు రోలాండు కొండ కనుమలో పోరాడి మరణిస్తాడు. చనిపోవుచు దేవునికి చాచిన చేతి తొడుగును గబ్రియేలు దూత అందుకొంటాడు. తరువాత చక్రవర్తి ప్రార్థింపగా, శత్రువులను తరిమి చంపువరకు సూర్యుడు ఆగిపోతాడు. యెహోషువ దినములలో గిబియోనులో జరిగినది మీకు జ్ఞాపకము రాక మానదు. పిమ్మట సరగోసా పట్టణములో బాప్తిస్మము వద్దన్నవారిని చంపిస్తారు.

చరిత్ర వేరు. 778లో ఆ కనుమలో చక్రవర్తి వెనుక దళమును హతము చేసినవారు కావ్యములోని సారసెనులు కారు, బాస్కు కొండజాతివారు. అప్పట్లో పగ తీర్చుకొనుట సాధ్యపడలేదని చక్రవర్తి చరిత్ర వ్రాసిన ఐన్‌హార్డు తెలిపాడు. తీరని ఆ పగను కవి సూర్యుని ఆపి తీర్చాడు.

రెండవది 13వ శతాబ్దపు గాథ. దాని నాయకుడు బోర్దో పట్టణపు హువోన్. అతనికి ఓబెరాన్ అను పొట్టి యక్షరాజు తోడ్పడతాడు. షేక్‌స్పియరు నాటకములోని యక్షరాజు పేరు ఇతనిదే. తన శక్తి దేవుడిచ్చినదే అని ఇతడు చెబుతాడు. సిలువ గురుతు వేయగా ద్రాక్షారసముతో నిండు పాత్రను హువోనుకు ఇస్తాడు. పాపి దానిలో త్రాగలేడు. ఊదితే తాను వచ్చి ఆదుకొనుటకు ఒక కొమ్మును కూడ ఇచ్చి, అబద్ధమాడవద్దని హెచ్చరిస్తాడు. అయితే బాబిలోను ద్వారమువద్ద లోపలికి పోవుటకు హువోన్ తాను సారసెనునని బొంకుతాడు. తరువాత ఎంత ఊదినా ఓబెరాన్ రాడు. హువోన్ చెరసాల పాలవుతాడు.

చూచితిరా! అద్భుతమని చెప్పిన కథ మనిషి పగకు పని చేసింది. మాయ అని చెప్పిన కథ మనిషిని సత్యము అడిగింది. సమరయ గ్రామముపై అగ్ని కురిపింతుమా అని అడిగిన శిష్యులను ప్రభువు గద్దించలేదా?

రోగములో, కష్టములో, కోర్టు వ్యాజ్యములో మనమూ అద్భుతము కోరుతాము. అడుగుట తప్పు కాదు. అయితే ప్రార్థించు ముందు ఒక్క ప్రశ్న వేసికొందము: నేను అడుగుచున్నది దేవుని చిత్తమా, నా పగయా? సిలువ మన మెడలో తాయెత్తు కారాదు. అది మన నోటిని సత్యమునకు, మన చేతిని ప్రేమకు కట్టి ఉంచవలెను.