మునగాలకు ఉరికిన యేడు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు లెక్కల్లోనే తప్ప మాటల్లో మార్కులు రావని మా సార్లకు తెలుసు. అందుకే ఒక్క విషయం చెప్పి దిగిపోతాను.

మా అమ్మాయి రాజనీతిశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. పార్లమెంటు సభ్యుల గత జీవితం, శరణార్థుల గురించి వాళ్లు సభలో మాట్లాడే తీరులో కనపడుతుందా అన్నది ఆమె ప్రశ్న. ఆ మధ్య ఫోన్ చేసి, "నాన్నా, అజ్ఞాతంలోనో జైల్లోనో ఉండి పార్లమెంటుకు పోయినవాళ్లు మీ వైపు ఉన్నారా?" అని అడిగింది.

గర్వంగా చెప్పాను. 1952లో నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచిన రావి నారాయణరెడ్డి. మిర్యాలగూడ నుంచి 1971, 1984, 1991లలో గెలిచిన భీమిరెడ్డి నర్సింహారెడ్డి. ఇదే సూర్యాపేటలో విద్యార్థులకు హాస్టల్ నడిపి, 1991, 1996లలో నల్లగొండ ఎంపీ అయిన ధర్మభిక్షం.

"మరి మనింట్లో శరణార్థులెవరైనా ఉన్నారా?" అంది. లేరన్నాను.

ఫోన్ పెట్టేశాక మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె 1948 అనేది కాదు, "మునగాలకు ఉరికిన యేడు" అనేది. అప్పుడు మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే. పరగణా మాత్రం కృష్ణా జిల్లాది, అంటే భారతదేశానిది. "రజాకార్లు ఒస్తున్రంటే మీ నాయనను సంకనేసుకొని రాత్రికి రాత్రి ఉరికినం. ఎవ్వరి ఇల్లో ఏమో, ఏ ఊరని గూడ అడగకుంట అన్నం పెట్టిండ్రు" అనేది. సెప్టెంబరులో పోలీసు చర్య అయ్యేదాకా అక్కడే ఉన్నారు. అంటే చంటివాడైన మా నాన్న శరణార్థే. ఇప్పుడు కోదాడ బస్సెక్కితే మునగాల దారిలోనే వస్తుంది. ఒకప్పుడు అక్కడ సరిహద్దు ఉండేదని ఎవరికీ తోచదు.

మన దేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో చేరలేదు. వాళ్లకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. టిబెటన్లకొక తీరు, శ్రీలంక తమిళులకొక తీరు, రోహింగ్యాలకు మరో తీరు. చట్టం ఎలా ఉండాలో పెద్దలు తేల్చాలి. కానీ హైదరాబాదు బాలాపూర్‌లో రోహింగ్యాల గుడిసెల పక్కగా పోతూ, "వీళ్లంతా ఎందుకొచ్చారు?" అని విసుక్కున్నవాణ్ని నేనే. మా నాయనమ్మను ఆ ఇంటివాళ్లు ఆ మాట అడగలేదు.

మా నాయనమ్మను కూర్చోబెట్టి వివరంగా అడిగి రాసుకోలేదు. ఆ ఇల్లెవరిదో ఇక తెలియదు. మీ ఇళ్లల్లో ఆ కాలం చూసిన పెద్దలు ఇంకా ఉంటే, ఈ సెలవుల్లో పిల్లలతో రాయించండి. ఆ నోటుబుక్కులు మన బడి లైబ్రరీలో పెడదాం. బీరువా నేను చేయిస్తాను.

సెలవు.