ఏరుకున్న మాట



పొద్దున్నే ఫోను తెరిస్తే సూర్యోదయం బొమ్మ, దాని మీద ఒక మంచిమాట. కింద వివేకానందుడి పేరో, అబ్దుల్ కలాం పేరో ఉంటుంది. వాళ్లు ఆ మాట నిజంగా అన్నారో లేదో పంపినవాళ్లకు కూడా తెలియదు. రోజుకు పది వచ్చిపడుతుంటే చాలామందికి సూక్తి అంటేనే మొహం మొత్తింది. కష్టంలో ఉన్నవాడికి కావలసింది సాయం గానీ సూక్తులా అని నిలదీసేవాళ్లున్నారు. వాళ్ల ప్రశ్న న్యాయమైనదే. అయినా కుంగిపోయిన మనిషికి మాట ఆసరా అవుతుందనే నేను నమ్ముతున్నాను. కాకపోతే ఆ మాటను అతను తానే ఏరుకోవాలి, అది అతని బాధను కాదనకూడదు. నా వాదానికి ఆధారం ఒక జైలు నుంచి తెస్తున్నాను.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ తీరానికి ఎదురుగా రాబెన్ ద్వీపం ఉంది. వర్ణవివక్ష ప్రభుత్వం నెల్సన్ మండేలాను 18 ఏళ్లు బంధించింది అక్కడే. 1970లలో అదే జైలులో సోనీ వెంకటరత్నం అనే రాజకీయ ఖైదీ ఉండేవారు. భారత సంతతివారు, పేరు మన చెవికి కొత్త కాదు. షేక్‌స్పియర్ రచనలన్నీ ఉన్న లావుపాటి సంపుటం ఒకటి ఆయన దగ్గర ఉండేది. జైలువాళ్లు దాన్ని తీసుకుపోతే, అది తన బైబిల్ అని కావలివాడికి చెప్పి తిరిగి తెచ్చుకున్నారు. ఇంటి నుంచి వచ్చిన దీపావళి గ్రీటింగ్ కార్డులను అట్ట మీద అంటించారు. వాటి నిండా మన దేవుళ్ల బొమ్మలే కాబట్టి అది మతగ్రంథమేనని చెప్పుకోవడానికి వీలైంది. విడుదలకు ముందు ఆ పుస్తకాన్ని తోటి ఖైదీల చేతికిచ్చి, మీకు నచ్చిన చోట సంతకం పెట్టమన్నారు. ముప్పైమందికి పైగా పెట్టారు. మండేలా సంతకం దగ్గర 1977 డిసెంబరు 16 అని తేదీ కూడా ఉంది.

వాళ్లు ఏ చోట్లు ఎంచుకున్నారో చూడండి. మండేలా సంతకం 'జూలియస్ సీజర్'లో ఉంది. భార్య వద్దని బతిమాలుతున్నా సీజర్ సభకు బయలుదేరుతూ చావుభయం గురించి మాట్లాడే చోటు అది. నాటకంలో ఆ రోజే సీజర్‌ను పొడిచి చంపుతారు. వాల్టర్ సిసులు 'వెనిస్ వర్తకుడు'లో షైలాక్ మాటలు ఎంచుకున్నారు. అప్పు కోసం వచ్చిన ఆంటోనియో ముఖం మీదే, ఏళ్ల తరబడి పడ్డ అవమానాలను షైలాక్ ఏకరువు పెట్టే చోటు. బిల్లీ నాయర్ 'టెంపెస్ట్'లో కాలిబాన్ దగ్గర సంతకం చేశారు. తన ద్వీపాన్ని ప్రాస్పెరో లాక్కున్నాడని కాలిబాన్ నిలదీస్తాడక్కడ. ద్వీపంలో బందీగా ఉన్న మనిషికి ఆ పుట ఎందుకు నచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. రేపు అంతా బాగుంటుందన్న తీపి మాట ఈ మూడింటిలో ఒక్కటీ కాదు. ఒకటి చావును ఎదుట పెట్టుకున్నది, ఒకటి అవమానాన్ని లెక్కగట్టింది, ఒకటి అన్యాయాన్ని అడిగింది. తమ బాధను ఉన్నదున్నట్టు చెప్పిన మాట దగ్గరే వాళ్లకు ధైర్యం దొరికింది.

తీపి మాట పనిచేయకపోవడమే కాదు, ఒక్కోసారి హాని కూడా చేస్తుంది. 2009లో కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జోఆన్ వుడ్, మరి ఇద్దరు కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. తాము ప్రేమకు తగినవాళ్లమనే అర్థం వచ్చే వాక్యాన్ని కొందరిచేత మళ్లీ మళ్లీ అనిపించి చూశారు. తమ మీద తమకు గౌరవం ఉన్నవాళ్లకు కొద్దిగా మేలు జరిగింది. ఆ గౌరవం తక్కువగా ఉన్నవాళ్లు మాత్రం, ఆ వాక్యం అననివాళ్లకన్నా ఎక్కువ కుంగారు. అంటే ఎవరికి ఓదార్పు ఎక్కువ అవసరమో వాళ్లనే అది దెబ్బతీసింది. నోరు ఒకటి అంటుంటే మనసు లోపల దానికి ఎదురు సాక్ష్యాలు వెతుకుతుంది. పది మంచిమాటలు పంపినా స్నేహితుడు ఎందుకు మారలేదని విసుక్కునేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

మండేలా, సిసులు మొదటినుంచీ గట్టివాళ్లు, వాళ్లను నిలబెట్టింది ఉద్యమం, పుస్తకంలో వాక్యం కాదు అని ఎవరైనా అనవచ్చు. అందులో సగం నేనూ ఒప్పుకుంటాను. తోడు లేకపోతే ఏ వాక్యమూ అన్నేళ్లు మోయలేదు. కానీ ఆ పుస్తకం తిరిగింది తోటివాళ్ల చేతుల్లోనే కదా. పక్కవాడు ఎక్కడ సంతకం చేశాడో చూస్తే అతని మనసు దేన్ని పట్టుకుని ఉందో తెలుస్తుంది. నడుం విరిగే చాకిరీ చేసే మగవాళ్లు ఒకరికొకరు నోరు తెరిచి చెప్పుకోలేని సంగతి అది.

జ్ఞాపకం సంగతి కూడా చెప్పాలి. మనసు బాగా దిగజారినప్పుడు కొత్త ఆలోచన పుట్టదు, సొంత మాట కూడబలుక్కునే ఓపిక ఉండదు. అప్పుడు పనికొచ్చేది ముందే నోటికి వచ్చి ఉన్న మాట. మన శతకాల బలం ఇక్కడే ఉంది. వేమన ఆటవెలదిలో సంగతంతా మూడు పాదాల్లో తేలిపోతుంది, నాలుగోది మకుటం. యతి ఒక మాటను అందిస్తే తర్వాతి మాట దానంతటదే వస్తుంది. 1829లో బ్రౌన్ దొర అచ్చు వేయించేనాటికే ఆ పద్యాలు జనం నోళ్లలో ఉన్నాయి. మకుటంలోని మిగతా మాటలకు పండితులు ఎన్ని అర్థాలు చెప్పినా, అక్కడ వినమని పిలుస్తున్నది మాత్రం వేమననే. లోకానికి బుద్ధి చెప్పిన కవి ముందు తన చెవిలో వేసుకున్నాడన్నమాట. రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ రాసుకున్న పుస్తకంలో కూడా ఆయన బోధ చేసుకున్నది తనకే. ఇలా తనకు తాను చెప్పుకోవడమే ఓదార్పు మాటకు సహజమైన దారి అని నా అభిప్రాయం.

అందుకే కొన్ని హాస్టళ్ల గోడల మీద సూక్తులు చూస్తే నాకు బాధేస్తుంది. పిల్లవాడికి నిద్ర చాలనివ్వరు, ఆట ఉండదు, వారం వారం ర్యాంకులు చదివి వినిపిస్తారు. ఎదురుగా గోడ మీద మాత్రం పట్టుదల గురించి రంగురంగుల అక్షరాలు. కష్టం పెట్టినవాడే ఓర్చుకోమని రాయిస్తే దాన్ని ధైర్యవచనం అనలేం. అక్కడ మారవలసింది టైంటేబుల్. పద్యాలు నేర్పే ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. ఇరవై వినిపించి, నచ్చిన రెండు పిల్లలనే ఎంచుకోనివ్వండి. ఎందుకు నచ్చాయని పరీక్షలో అడగకండి.

వారాల తరబడి నిద్ర, ఆకలి లేక, బతకాలనే లేదని అనేవాళ్లకు ఏ పద్యమూ వైద్యం కాదు. వాళ్ల పక్కన మనిషి కూర్చోవాలి, డాక్టరు చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఎవరైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వారోత్సవాలు జరుపుకుంటున్న ఈ గ్రంథాలయం గోడల మీద సూక్తులు రాయించిన కార్యవర్గం వారు, వాటి పక్కనే ఆ నంబరు కూడా రాయించాలని కోరుతున్నాను.