ఐ.పి. పెడితే ఇల్లు నిలుస్తుందా?

ఎవరైనా అప్పుల్లో నిండా మునిగిపోతే మనవైపు “ఫలానా ఆయన ఐ.పి. పెట్టాడట” అంటారు. ఆ మాట విని కొందరు బాకీలన్నీ ఆ పూటతో రద్దయిపోయాయని అనుకుంటారు. మరి కొందరేమో, ఇంట్లో గిన్నెలూ చెంబులూ కూడా వీధిలో వేలం వేస్తారని హడలిపోతారు. రెండూ నిజం కాదు. ఆ యింటి ఇల్లాలికి మాత్రం ఏది నిజమో చెప్పేవారుండరు. కోర్టు వ్యవహారం మగవాళ్ళదనుకుంటాం. తీరా కాగితాల మీద మన సంతకాలు కూడా ఉంటాయి!

ఐ.పి. అంటే ఇన్‌సాల్వెన్సీ పిటీషన్. అప్పులు తీర్చలేను, నా ఆస్తి తీసుకుని అందరికీ పంచండి అని కోర్టును అడగడమన్నమాట. ఆంధ్ర జిల్లాల్లో దీనికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది కదా అని మీరడగవచ్చు. వచ్చింది. కంపెనీలకూ, కంపెనీల అప్పులకు సొంత హామీ ఇచ్చినవారికీ అది అమలవుతోంది గాని, మామూలు సంసారుల అప్పుల గురించిన భాగం ఇంకా అమలులోకి రాలేదు. అందుకే ఐదు వందల రూపాయల అప్పుంటే చాలు పిటీషన్ వేయవచ్చుననే ఆనాటి నిబంధనే ఈనాటికీ నడుస్తోంది.

ఒక బట్టల కొట్టు యజమాని సంగతి చూద్దాం. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. ప్రామిసరీ నోట్ల మీద పదిమంది దగ్గర తెచ్చాడు. ప్రభుత్వానికి పన్ను బాకీ ఉంది. ఐ.పి. పెట్టాడు, కోర్టు ఆయన్ని దివాలాదారుగా ప్రకటించింది. ఆ రోజు నుంచి ఆయన ఆస్తి కోర్టుకో, రిసీవరుకో చెందుతుంది. నోట్లవాళ్ళు కోర్టు అనుమతి లేకుండా ఆయన మీద విడిగా దావాలు వేయడానికి వీల్లేదు. రిసీవరు ఆస్తి అమ్మి, వచ్చినదాన్ని పంచుతాడు. ప్రభుత్వానికీ, మునిసిపాలిటీ వంటి స్థానిక సంస్థలకూ రావలసింది ముందు వరసలో ఉంటుంది. మిగిలినది నోట్లవాళ్ళకు దామాషాగా పోతుంది.

మరి బ్యాంకు? తాకట్టు ఉన్నవాడికి ఈ పిటీషన్ అడ్డురాదు. ఇల్లు అమ్మి బాకీ రాబట్టుకునే హక్కు బ్యాంకుకు అలాగే ఉంటుంది. ఐ.పి. పెడితే బ్యాంకువాళ్ళు ఇంటి జోలికి రారని ఎవరైనా చెబితే నమ్మకండి.

తాకట్టు లేని ఇల్లయినా, పట్నంలో వ్యాపారస్థుడిదైతే మామూలుగా రిసీవరు చేతికి పోతుంది. వ్యవసాయదారుడో, కూలి చేసుకునేవాడో తాను కాపురముంటున్న సొంత ఇంటికి మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ రక్ష ఉంది, దాన్ని జప్తు చేయకూడదు. అదే సెక్షన్ కట్టుబట్టలనూ, వంటపాత్రలనూ, మంచాలూ పరుపులనూ కాపాడుతుంది. పనివాడి పనిముట్లూ, రైతు ఎడ్లూ విత్తనాలూ కూడా అంతే. మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీదనుంచి తీయకూడని నగల మీద కూడా చెయ్యి వేయరాదు. మంగళసూత్రం సంగతి దిగులు పడనక్కరలేదు.

మిగతా బంగారం మాటేమిటి? పుట్టింటివారు పెట్టినది, పసుపు కుంకాల కింద ఇచ్చిన పొలం, ఇవి మీ స్త్రీధనం. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్త్రీ ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు. భార్య స్త్రీధనం భర్త సొత్తు కాదని 1985లో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది. భర్త దివాలా తీస్తే అది రిసీవరుకు పోదు. కాని మీదేనని చూపించాలి గదా! కొన్న రసీదులు, పెళ్ళినాటి జాబితా, పొలం దస్తావేజు ఒకచోట పెట్టుకోండి. కొట్టు కాగితాలతో కలపకండి.

అసలు చిక్కంతా ఇక్కడ వస్తుంది. అప్పులవాళ్ళు గుమ్మం తొక్కడం మొదలుపెట్టగానే, “ఇల్లు నీ పేర రాసేస్తానే, ఎవడూ ఏమీ చేయలేడు” అంటాడాయన. దాన సెటిల్‌మెంటు రిజిస్టరవుతుంది. ఆ తరువాత రెండేళ్ళలోపు ఐ.పి. పడి, ఆయన దివాలాదారయితే, ఆ దస్తావేజును కోర్టు రద్దు చేయవచ్చు. నిజంగా డబ్బు తీసుకుని, మంచి నమ్మకంతో కొన్నవారికి అమ్మి ఉంటే వేరు. ఊరికే భార్యకు రాసిస్తే నిలిచేది కష్టం. రెండేళ్ళు దాటాయి గదా అని ధీమా పడడానికీ లేదు, ఋణదాతల్ని మోసం చేయడానికి చేసిన బదిలీని ఆస్తి బదలాయింపు చట్టం కింద అప్పుడు కూడా ప్రశ్నించవచ్చు. పైగా ఆస్తి దాచాడని రుజువైతే ఆయనకు జైలు శిక్ష కూడా పడవచ్చు. ఇల్లు కాపాడదామని చేసిన పని ఇంటాయన్ని బోనెక్కిస్తుంది.

అంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది హామీ సంతకం. “ఊరికే ఫార్మాలిటీ” అని బ్యాంకు కాగితం మన ముందు పెడతారు. భర్త బాకీలు కోర్టు ఉత్తర్వుతో రద్దయినా, హామీదారు బాధ్యత రద్దు కాదు. మీ పేరున్న స్థలం, మీ జీతం, మీ డిపాజిట్టు వాళ్ళకు కనిపిస్తాయి. పెట్టే ముందు ఎంత మొత్తానికో, ఏ ఆస్తికో చదివి వినిపించమనండి. ఆయనకు కోపం వస్తుందా? రానీయండి.

చివరకు కోర్టు డిశ్చార్జి ఇస్తే నోట్ల బాకీలు తీరినట్టే. కాని ఆస్తి విలువ బాకీల్లో రూపాయికి యాభై పైసలకైనా రాకపోతే, అది తన తప్పు వల్ల కాదని ఆయన కోర్టును ఒప్పించాలి. అలా దక్కిన డిశ్చార్జి కూడా ప్రభుత్వానికి రావలసిన బాకీని రద్దు చేయదు. పన్ను బాకీ నెత్తిమీద అలాగే కూర్చుంటుంది. మోసం చేసి తెచ్చిన అప్పూ పోదు. భార్యకు కోర్టు వేసిన మనోవర్తి కూడా పోదు. భర్త ఐ.పి. పెట్టాడు గనుక ఇక మనోవర్తి రాదని చెప్పేవారికి ఈ ఒక్క ముక్క చాలు.

పిల్లల సంగతి. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమనే పాత సూత్రం మీద కొడుకుల పైకి వెళ్ళడం, 2005 సవరణ తరువాత చేసిన అప్పులకు, చెల్లదు. ఉమ్మడి ఆస్తిలో వాళ్ళ వాటాల లెక్క వేరు. అది ప్లీడరు చూడవలసిన పని.

ఇక మీరే అప్పిచ్చినవారైతే? మిషను కుట్టి కూడబెట్టిన సొమ్ము చిట్టీలావిడకు కట్టారు, ఆమె ఐ.పి. పెట్టింది. నోటీసు వస్తే మూల పడేయకండి. మీ బాకీని అఫిడవిట్టుతో రుజువు చేసుకుంటేనే పంపకంలో మీకు పాలు వస్తుంది. చిట్టీ పుస్తకం, రసీదులు పట్టుకుని వెళ్ళండి.

ప్లీడరు ఫీజుకు డబ్బెక్కడిదని వెనకాడనక్కరలేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసహాయం ఉంది. మీ కోర్టు ఆవరణలోనే మండల న్యాయసేవా కమిటీ ఉంటుంది. అక్కడ దరఖాస్తు ఇవ్వండి. తాకట్టు దస్తావేజు నకలు, హామీ కాగితం, పన్ను నోటీసు, కోర్టు నోటీసు తప్పకుండా వెంట తీసుకువెళ్ళండి.