తెర వెలగకపోతే తప్పు కార్డుదేనా?

కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టారు, తెర వెలగలేదు. పలాస నుంచో బొబ్బిలి నుంచో దాన్ని పట్టుకుని విశాఖ బస్సెక్కకండి. ముందు కరెంటును అనుమానించండి. మదర్‌బోర్డు స్లాటు ఇచ్చేది 75 వాట్లే. పెద్ద కార్డుకు అది చాలదు, ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే పెట్టె) నుంచి విడిగా వైరు రావాలి. ఫ్యాను తిరుగుతోంది కదా అంటారా? ఫ్యానుకు చాలిన కరెంటు చిప్పుకు చాలదు. పాత కార్డు బాగానే పనిచేసింది కదా అంటారా? దాని ఆకలి చిన్నది.

ఇంకో మాట, నవ్వకండి. మానిటర్ కేబులు ఇంకా మదర్‌బోర్డుకే ఉందేమో! కార్డుకు మార్చండి. ప్లగ్గు తీసేసి, కార్డు స్లాటులో పూర్తిగా కూర్చుందో లేదో చూడండి. అప్పటికీ వెలగకపోతే, సరిపడా ఎస్ఎంపీఎస్ ఉన్న ఇంకో కంప్యూటర్లో పెట్టి చూడండి. అక్కడా వెలగకపోతేనే వారంటీ కాగితం బయటకు తీయండి.